మళ్లీ మొదలుపెట్టడానికి కలెక్షన్ అక్కర్లేదు, ఒక్క కోటు చాలు

ప్రశ్న: నా వయసు 43. ఒక స్నేహితురాలితో కలిసి ఏడేళ్లు ఆడవాళ్ల దుస్తుల బ్రాండ్ నడిపాను. డిజైన్ నాది, లెక్కలూ అమ్మకాలూ ఆమెవి. మంచి పేరొచ్చింది, పత్రికల్లో ఫొటోలు పడ్డాయి. కానీ ప్రతి సీజన్‌లోనూ సరుకు మిగిలిపోవడం, దుకాణాల నుంచి డబ్బు ఆలస్యంగా రావడం. చివరికి రెండేళ్ల క్రితం మూసేశాం. ఆఖరి కలెక్షన్‌లో 32 డిజైన్లు చేశాను. మిగిలిన సరుకు పెట్టెల్లో ఇంట్లోనే ఉంది, తెరవబుద్ధి కావడం లేదు. నా వాటా అప్పు పోయిన నెలే తీరింది. ప్రస్తుతం యూనిఫాంలు తయారుచేసే ఒక కంపెనీలో ప్యాటర్న్ (బట్ట కత్తిరించడానికి గీసే నమూనా) విభాగంలో ఉద్యోగం. మళ్లీ సొంతంగా మొదలుపెట్టాలని ఉంది. కొత్త కలెక్షన్ మొత్తం మనసులో సిద్ధంగా ఉంది. ఒకసారి మునిగాక, ఈ వయసులో మళ్లీనా అని ఇంట్లోవాళ్ల భయం. నాకూ టెన్షన్‌గానే ఉంది. పాత పేరే పెట్టాలా, కొత్తదా? ఉద్యోగం ఎప్పుడు మానాలి? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? పాత కస్టమర్లు కొందరు ఆ నీలం లినెన్ కోటు మళ్లీ చేస్తారా అని ఇప్పటికీ అడుగుతుంటారు. నాకేమో ఆ కోటంటేనే విసుగొచ్చేసింది.

– పేరు వద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాటను మీరు చిట్టచివర, విసుగుతో రాశారు. బ్రాండ్ మూసేసి రెండేళ్లయింది. ప్రకటనలు లేవు, ఏ దుకాణంలోనూ ఆ కోటు లేదు. అయినా మీ నంబరు వెతుక్కుని మరీ అది కావాలని అడిగే మనుషులున్నారు. సొంతంగా బట్టలు చేసి అమ్మేవాళ్లలో చాలామందికి ఈ భాగ్యం దక్కదు. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు కదా, ఆ కోటు దగ్గర మొదలుపెట్టండి. మనసులో సిద్ధంగా ఉన్న కలెక్షన్ దగ్గర వద్దు.

ఇది మీకు రుచించకపోవచ్చు. పగలంతా వేరేవాళ్ల యూనిఫాంలకు ప్యాటర్న్‌లు గీసి, రాత్రిళ్లు సొంత బట్టల గురించి కలలు కనే మనిషితో "పాతదే మళ్లీ చెయ్యండి" అంటే ఎంత చప్పగా ఉంటుందో తెలుసు. ఆ కొత్త డిజైన్లను పారేయమనడం లేదు. వాటి ఖర్చు భరించే వస్తువు ముందు నిలబడాలి అంటున్నాను. మొదటిసారి మీ దగ్గర లేనిది ఇప్పుడు ఒకటుంది. ఏది అమ్ముడైందో, ఏది మిగిలిందో, ఎవరు రెండోసారి వచ్చారో చెప్పే ఏడేళ్ల సాక్ష్యం అది. కొత్తగా ఒక్క గీత గీసే ముందు దాన్ని చదవాలి.

ముందు మీ ఆఖరి కలెక్షన్ లెక్క చూద్దాం. 32 డిజైన్లు. ఒక్కొక్కటి రెండు రంగుల్లో, ఐదు సైజుల్లో చేశారనుకుందాం. 320 రకాలు. రకానికి ఐదే ముక్కలు, అంటే ఐదు దుస్తులు, కుట్టించినా మొత్తం 1600. వీటికి 32 ప్యాటర్న్‌లు కావాలి, 32 శాంపిళ్లు కావాలి, అందులో చాలావాటిని రెండు మూడుసార్లు సరిచేసి ఉంటారు. బట్ట అమ్మేవాళ్లు రంగుకు కనీసం ఇన్ని మీటర్లు తీసుకోవాల్సిందే అంటారు. బటన్లు, జిప్పులు, లేబుళ్లు అన్నిటికీ అదే షరతు. ఒక్క ముక్క అమ్ముడవకముందే ఈ డబ్బంతా మీ చేతి నుంచి వెళ్లిపోతుంది.

ఇక కాలం సంగతి. బట్టకు అడ్వాన్సు మొదటి నెలలోనే కడతారు. బట్ట వచ్చి, కటింగ్ అయి, కుట్టు పూర్తయి, ఇస్త్రీ చేసి, పెట్టెల్లో పెట్టేసరికి నాలుగైదు నెలలు ఇట్టే గడుస్తాయి. సరుకు దుకాణానికి చేరాక బిల్లుకు 30 రోజులో 60 రోజులో గడువు. అంటే మీరు పెట్టిన డబ్బు తిరిగొచ్చేసరికి ఆరేడు నెలలు. ఈలోపే తర్వాతి సీజన్ బట్టకు అడ్వాన్సు కట్టే రోజు వచ్చేస్తుంది. బాగా అమ్ముడవుతూ కూడా ఈ సందులో ఇరుక్కుని మూతపడే బ్రాండ్లు ఉంటాయి. సరుకు మిగలడం, డబ్బు ఆలస్యం కావడం రెండు వేర్వేరు కష్టాలన్నట్టు రాశారు మీరు. నాకు మాత్రం రెండిటికీ మూలం ఒకటే అనిపిస్తోంది: మీ పెట్టుబడి మోయలేనన్ని రకాలు చేశారు. అందులో మీ ప్రతిభ లోపమేమీ లేదు.

అదే ఒక్క కోటు అనుకోండి. రెండు రంగులు, ఐదు సైజులు, మొత్తం పది రకాలు. ఒకే ప్యాటర్న్, ఒకే రకం బట్ట, ఒకే సైజు బటన్. 50 కోట్లు కుట్టిస్తే మొదటి విడత పూర్తయినట్టే. 32 ప్యాటర్న్‌ల మీద చెదిరిపోయిన శ్రద్ధంతా ఒక్కదాని భుజం కుట్టు మీద, ఒక్కదాని జేబు లోతు మీద పెట్టవచ్చు.

పత్రికల్లో ఫొటోలు పడ్డాయని రాశారు. సంతోషమే. కానీ పేరుకీ లాభానికీ ఉన్న దూరం ఫ్యాషన్‌లో చాలా ఎక్కువ. ఫ్రెంచ్ డిజైనర్ క్రిస్టియన్ లాక్రోయ్ 1987లో పారిస్‌లో సొంత ఫ్యాషన్ సంస్థ తెరిచినప్పుడు ఆయనకు దక్కినన్ని ప్రశంసలు ఆ కాలంలో మరెవరికీ దక్కలేదేమో. అంత పేరున్న సంస్థ ఏళ్ల తరబడి నష్టాల్లోనే నడిచి 2009లో దివాలా రక్షణ కోరింది. ఆ తర్వాత ఆయన ఒపేరాలకు, బ్యాలేలకు, నాటకాలకు దుస్తులు రూపొందించే పనిలోకి ఎక్కువగా వెళ్లారు. ఆ పని ఆయన అంతకుముందు నుంచీ చేస్తున్నదే. చేతిలో పని ఉన్న మనిషికి సంస్థ పోయినా పని పోలేదు.

మీకు ఇంకా దగ్గరగా ఉండే ఉదాహరణ డిజైనర్ డయాన్ వాన్ ఫర్‌స్టెన్‌బర్గ్‌ది. ఒంటికి చుట్టుకుని నడుము దగ్గర ముడి వేసుకునే ర్యాప్ డ్రెస్‌ను ఆమె 1974లో తెచ్చారు. లక్షల్లో అమ్ముడైంది. అందరి దగ్గరా అదే ఉండేసరికి 1970ల చివరికల్లా గిరాకీ పడిపోయింది, సరుకు పేరుకుపోయింది, డ్రెస్సుల వ్యాపారం ఆమె చేతి నుంచి జారిపోయింది. 1990లలో కుర్రపిల్లలు పాత బట్టల దుకాణాల్లో ఆ డ్రెస్సులే వెతికి కొనుక్కోవడం ఆమె గమనించారు. 1997లో మళ్లీ బ్రాండ్ మొదలుపెట్టారు. అప్పటికి ఆమెకు 50 ఏళ్లు. అప్పుడు కూడా ముందుపెట్టింది అదే ర్యాప్ డ్రెస్. కొత్తగా ఏం చేయాలో ఆమెకు తోచక కాదు. జనం దేనికోసం వెతుకుతున్నారో కళ్లారా చూశారు కాబట్టి. మీ కోటు కోసం అడుగుతున్న వాళ్లు ముగ్గురే కావచ్చు, కానీ అడిగిన ఒక్కొక్కరి వెనక అడగని వాళ్లు ఇంకొందరు ఉంటారని నా నమ్మకం.

ఇప్పుడు ఆ పెట్టెలు తెరవండి. ఒక సెలవురోజు చూసుకుని నేల మీద అన్నీ పరిచి, ముందు డిజైన్ వారీగా, తర్వాత సైజు వారీగా పేర్చండి. బాధగానే ఉంటుంది, కాదనను. కానీ ఏ సలహాదారూ చెప్పలేనంత మీకు ఆ కుప్పలు చెబుతాయి. ఒక డిజైన్‌లో మరీ చిన్నవీ మరీ పెద్దవీ మాత్రమే మిగిలాయంటే డిజైన్ అమ్ముడైనట్టే, ఏ సైజు ఎన్ని కుట్టించాలన్న అంచనా తప్పింది. అన్ని సైజులూ సమానంగా మిగిలితే ఆ డిజైన్ ఎవరికీ అక్కర్లేదు, లేదా దాని ధర మరీ ఎక్కువ. ఒకే రంగు మిగిలితే రంగు దగ్గర పొరపాటు. చిన్న సైజులన్నీ మిగిలి, పెద్దవి ముందే అయిపోయి ఉంటే మీ కొలతలు బిగుతుగా ఉన్నాయని, జనం ఒక సైజు పెంచుకుని కొన్నారని అనుమానించాలి. తిరిగొచ్చిన వాటిని వేరుగా పెట్టి వెలుతురులో చూడండి. చంక దగ్గర బట్ట అడ్డంగా ముడతలు పడిందా, వీపు మధ్య కుట్టు దగ్గర నూలు జరిగిందా, బటన్ పట్టే చోట బట్ట లాగినట్టుందా అని.

తర్వాత బిల్లులు తీయండి. మీకు కావలసింది మొత్తం అమ్మకాల అంకె కాదు. తగ్గింపు లేకుండా, పూర్తి ధరకు, వచ్చిన కొత్తలోనే అమ్ముడైనవి ఏవో చూడండి. ఒకే మనిషి అదే దుస్తును రెండో రంగులో కూడా కొన్నారా అని చూడండి. నా దృష్టిలో అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. ఒకసారి కొనడానికి ఫొటో చాలు. రెండోసారి కొన్నారంటే వేసుకుని, ఉతికి, మళ్లీ వేసుకుని, బాగుందనుకున్నాకే. ఈ పరిశీలనలో కోటును మించింది ఇంకేదైనా తేలితే దానితోనే మొదలుపెట్టండి. నేను చెబుతున్నది కోటు గురించే అయినా పద్ధతి మారదు.

కోటే అనుకుందాం. పాతదాన్ని ఉన్నది ఉన్నట్టు మళ్లీ కుట్టించకండి. అడిగిన వాళ్లకు ఫోన్ చేసి, వాళ్ల పాత కోటు ఇప్పుడెలా ఉందో చూపించమనండి. కొన్నేళ్లు వాడిన దుస్తును చూడటం డిజైనర్లకు అరుదుగా దొరికే చదువు. ఫోన్ బరువుకు జేబు మూలలు చిరిగి ఉంటాయి. ఆ మూలల్లో బార్‌టాక్ (దగ్గర దగ్గరగా వేసే గట్టి కుట్టు) వేస్తే ఆగుతుంది, లోపలివైపు చిన్న పట్టీ పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది. మోచేతి దగ్గర బట్ట సాగి ఉబ్బి ఉంటుంది. కాలర్ లోపలి అంచు అరిగి ఉంటుంది. వాళ్లు దాన్ని ఎక్కడికి వేసుకెళ్తారు, లోపల ఏం వేసుకుంటారు, ఎప్పుడు వేసుకోవాలనిపించదు అని అడగండి. ఈ సంభాషణలు అయ్యేసరికి మీ విసుగు కొంత తగ్గుతుందని నా అంచనా. మీకు విసుగొచ్చింది మీరు గీసిన బొమ్మ మీద. వాళ్ల ఒంటి మీదున్న కోటును మీరింకా సరిగ్గా చూడలేదు.

బట్ట విషయంలో ఒక చిన్న పరీక్ష మాత్రం వదలకండి. కొన్న ప్రతి తానులోంచి ఒక ముక్క తీసి, దాని మీద పొడవూ వెడల్పూ 50 సెంటీమీటర్లు ఉండేలా గుర్తులు పెట్టి, కొనేవాళ్లు ఇంట్లో ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి మళ్లీ కొలవండి. 50 కాస్తా 48 అయితే 4 శాతం కుదించుకుపోయినట్టు. మీటరు పొడవున్న కోటు మొదటి ఉతుకులోనే 4 సెంటీమీటర్లు పొట్టిదవుతుంది. చేతులూ కురచవుతాయి. లినెన్‌లో ఇది మామూలే. కుట్టకముందే బట్టను తడిపి ఆరబెట్టించడమో, కుదింపుకు తగ్గట్టు ప్యాటర్న్ పెంచడమో చేయాలి. అడ్డానికీ నిలువుకీ కుదింపు ఒకేలా ఉండదు కాబట్టి రెండూ విడివిడిగా రాసుకోండి. యూనిఫాం కంపెనీలో ఇది రోజూ చూస్తూనే ఉంటారు. ఆ ఉద్యోగం గురించి ఏదో దిగినట్టుగా రాశారు గానీ, వందల ముక్కలు ఒకే కొలతలో, ఒకే నాణ్యతతో బయటికి రావడం ఎలాగో తెలిసిన డిజైనర్లు తక్కువ. ఒక సైజు నుంచి ఇంకో సైజుకు కొలతలు ఎలా పెంచాలి, బట్ట తక్కువ వృథా అయ్యేలా ప్యాటర్న్ ముక్కలు ఎలా పేర్చాలి, ఎక్కడ కుట్టు ఆలస్యమవుతుంది అన్నవి జీతం తీసుకుంటూ నేర్చుకుంటున్నారు.

ఇప్పుడు ధర. మొదటిసారి లెక్కలు మీ స్నేహితురాలు చూశారు. ఈసారి మీరే చూడాలి. తర్వాత అకౌంటెంట్‌ను పెట్టుకున్నా, ఒక కోటుకు ఎంతవుతుందో మీకు నిద్రలో అడిగినా చెప్పగలగాలి. మొత్తం ఖర్చు 100 అనుకుంటే అందులో బట్ట 38, లైనింగ్ బటన్లు లేబుళ్లు కలిపి 8, కటింగ్ 6, కుట్టు 28, కాజాలూ ఇస్త్రీ 5, ప్యాకింగ్ 5, శాంపిళ్లకూ ప్యాటర్న్‌కూ అయిన ఖర్చులో ఈ కోటు వంతు 10. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు, మీవి మీరు వేసుకోండి. చాలామంది వదిలేసేది ఆ చివరి పది. ఇంకా మీ సొంత గంటలు ఇందులో చేరనేలేదు, వాటికీ కూలి కట్టాలి. దుకాణాలకు అమ్మితే వాళ్లు తాము కొన్న ధరకు రెట్టింపో అంతకన్నా కాస్త ఎక్కువో పెట్టి అమ్మడం ఈ రంగంలో మామూలు. కాబట్టి ఖర్చు 100 అయినదాన్ని మీరు నేరుగా 200కు అమ్మడం మొదలుపెట్టి, తర్వాత ఏదైనా దుకాణం అడిగితే, వాళ్లకు సగం ధరకు ఇవ్వాల్సి వచ్చి మీకు మిగిలేది సున్నా. దుకాణాలకు ఎప్పటికైనా అమ్మాలనుకుంటే మొదటి రోజు నుంచే ధరలో ఆ చోటు ఉంచాలి.

తగ్గింపుల దగ్గర ఇంకా జాగ్రత్త. నేరుగా అమ్మే ధర 250, ఖర్చు 100 అయితే మీకు మిగిలేది 150. సీజన్ చివర్లో 30 శాతం తగ్గించారనుకోండి, ధర 175 అవుతుంది, మిగులు 75. ధర మూడో వంతు కూడా తగ్గలేదు, మిగులు మాత్రం సరిగ్గా సగమైంది. అంతే డబ్బు రావాలంటే రెట్టింపు కోట్లు అమ్మాలి. ఎక్కువ కుట్టించి తగ్గించి అమ్మడం కన్నా తక్కువ కుట్టించి, అయిపోయిందని చెప్పడమే నయం. నీలం కోటు సీజన్‌తో పాతబడేది కాదు. ఈ నెల అమ్ముడవనిది వచ్చే ఏడాది పూర్తి ధరకే పోతుంది. రెండేళ్ల తర్వాత కూడా అడుగుతున్నారంటేనే తెలుస్తోంది కదా.

50 కోట్లకు కూడా డబ్బు చాలకపోతే ముందస్తు ఆర్డర్లు తీసుకోవచ్చు. అందులో రెండు షరతులు పాటించండి. శాంపిల్ పూర్తిగా ఖాయమై, బట్ట చేతిలో ఉన్నాకే డబ్బు తీసుకోవాలి. ఆ డబ్బు వేరే ఖాతాలో ఉండాలి, ఆ కోట్లకు తప్ప మరి దేనికీ ముట్టుకోకూడదు. కుట్టేవాళ్లు మూడు వారాలంటే మీరు కొనేవాళ్లకు ఐదు వారాలని చెప్పండి. సరుకు ఉంచి వెళ్లండి, అమ్ముడయ్యాక డబ్బిస్తాం అనే దుకాణాలకు మాత్రం ఈ మొదటి ఏడాది దూరంగా ఉండండి. మీ డబ్బు వాళ్ల హ్యాంగర్ల మీద వేలాడుతూ ఉంటుంది, ఆ కోట్లు మాసినా, నలిగినా నష్టం మీదే. అలాంటి ఏర్పాటు కొందరికి కుదురుతుందేమో, ఆలస్యపు డబ్బు వల్ల ఒకసారి దెబ్బతిన్న మీకు మాత్రం వద్దు.

పేరు గురించి. పాత బ్రాండ్ మూసేసినప్పుడు ఏం రాసుకున్నారో ఆ కాగితాలు ముందు వెతకండి. పేరు ఎవరిది, లోగో ఎవరిది, ప్యాటర్న్‌లు ఎవరివి, ఫొటోలు వాడుకునే హక్కు ఎవరికి, కస్టమర్ల జాబితా ఎవరి దగ్గరుంది అన్నవి అందులో ఉండాలి. లేకపోతే స్నేహితురాలితో కూర్చుని ఇప్పుడైనా రాసుకోండి. ఆ నీలం కోటు ప్యాటర్న్ మళ్లీ వాడుకునే హక్కు మీకుందని ఆమె సంతకం ఉండటం మంచిది. మాటలు బాగున్నప్పుడే ఈ పని అయిపోవాలి.

ఈ రంగంలో సొంత పేరునే పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అమెరికా డిజైనర్ హాల్‌స్టన్ 1973లో తన వ్యాపారాన్నీ దాంతోపాటు పేరునూ ఒక పెద్ద కంపెనీకి అమ్మేశారు. 1980లలో ఆ వ్యాపారం చేతులు మారుతూ పోయేసరికి తన పేరుతో తానే దుస్తులు చేసే వీలు లేకుండా పోయింది. ఒంటికి పట్టీలు చుట్టినట్టుండే డ్రెస్సులతో ప్రసిద్ధుడైన హెర్వే లెజే కూడా తన సంస్థ చేజారాక, 2000లో హెర్వే ఎల్. లెరూ అని కొత్త పేరుతో మళ్లీ మొదలుపెట్టారు. డ్రెస్సు చూసి ఎవరు చేశారో గుర్తుపట్టేవాళ్లు ఆయన్ని కొత్త పేరుతోనూ గుర్తుపట్టారు.

నా సలహా కొత్త పేరు. పాత పేరులో సగం ఆమెది. దాంతోపాటు పాత బాకీల, పాత ఆలస్యాల గుర్తులు కూడా వస్తాయి. పేరు ఖాయం చేసే ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్టర్‌లో వెతికించండి. సరుకులనూ సేవలనూ 45 తరగతులుగా విడదీసే అంతర్జాతీయ వర్గీకరణలో దుస్తులు, చెప్పులు, టోపీలు 25వ తరగతిలోకి వస్తాయి. బ్యాగులు 18, నగలు 14. మీకు ఇప్పటికి 25 చాలు. ట్రేడ్‌మార్క్ హక్కు ఏ దేశంలో నమోదు చేస్తే అక్కడికే పరిమితం కాబట్టి వేరే దేశానికి పంపే ఆలోచన వచ్చినప్పుడు మళ్లీ చూసుకోవాలి. లాయర్ ఫీజుకు వెనకాడకండి. లేబుళ్లు నేయించాక పేరు మార్చడం అంతకన్నా ఖర్చు.

వయసు గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఇక్కడ అది అసలు అడ్డంకే కాదు. క్రిస్టియన్ డియోర్ మొదట చిత్రాల గ్యాలరీ నడిపారు, ఆర్థిక మాంద్యంలో అది మూతపడింది. ఆ తర్వాత టోపీల బొమ్మలు, డ్రెస్సుల బొమ్మలు గీసి అమ్ముకున్నారు, ఇతరుల సంస్థల్లో డిజైనర్‌గా పనిచేశారు. సొంత పేరు మీద తొలి కలెక్షన్ చూపించింది 1947 ఫిబ్రవరిలో, 42 ఏళ్ల వయసులో. అమెరికా డిజైనర్ వేరా వాంగ్ పెళ్లి గౌన్ల దుకాణం తెరిచింది 1990లో, 40 దాటాక. అంతకుముందు ఏళ్ల తరబడి ఫ్యాషన్ పత్రికలో పనిచేశారు. వాళ్లిద్దరూ అంతకుముందు ఊరికే కూర్చోలేదు, ఆ పనే వేరే చోట నేర్చుకుంటూ ఉన్నారు. మీరూ అంతే.

ఇంట్లోవాళ్ల భయం వేరే విషయం, దాన్ని తేలిగ్గా తీసేయకండి. మీ అప్పు రోజుల్లో వాళ్లు కూడా నలిగారు. వాళ్లకు కలెక్షన్ బొమ్మలు చూపిస్తే భయం ఇంకా పెరుగుతుంది. ఒక కాగితం చూపించండి: 50 కోట్లు, ఇంత ఖర్చు, అన్నీ మిగిలిపోయినా పోయేది ఇంత, అప్పు చేయను, ఇల్లు తాకట్టు పెట్టను. పోగొట్టుకోగల మొత్తం ఎంతో వాళ్లతో కలిసి ముందే నిర్ణయించండి, ఆ గీత దాటనని మాటివ్వండి. భయానికి హద్దు తెలిస్తే మనుషులు సాయానికి కూడా వస్తారు.

పాత కస్టమర్లతో ఎలా మాట్లాడాలో మీరు అడగలేదు గానీ ఉత్తరంలో ఆ జంకు కనిపిస్తోంది. వివరణలేమీ అక్కర్లేదు. "ఆ నీలం కోటు మళ్లీ చేస్తున్నాను. జేబులు ఈసారి ఇంకా గట్టిగా ఉంటాయి. 50 మాత్రమే కుట్టిస్తున్నాను, కావాలంటే మీ సైజు చెప్పండి" అని రాస్తే చాలు. ఎందుకు మూసేశారని ఎవరైనా అడిగితే, శక్తికి మించి రకాలు చేశామని నిజం చెప్పండి. మీతో పనిచేసిన టైలర్లను, బట్ట ఇచ్చినవాళ్లను మాత్రం స్వయంగా వెళ్లి కలవండి. బ్రాండ్ మూసేశాక కూడా బాకీ తీర్చిన మనిషికి ఈ వ్యాపారంలో గౌరవం ఉంటుంది. తక్కువ మీటర్ల బట్ట అడిగినా, 50 ముక్కల చిన్న పని అడిగినా ఒప్పుకునేది అలాంటివాళ్లే. వాళ్ల దగ్గర మీకు ఆ పరపతి ఉంది, వాడుకోండి.

మీ కొత్త కలెక్షన్ మాట మర్చిపోలేదు. కోటు రెండో విడత అమ్ముడయ్యాక ఆ బొమ్మల్లోంచి రెండే రెండు తీయండి. కోటుతో కలిపి వేసుకోగలిగేవై ఉండాలి, వీలైతే అదే బట్టతో. అమెరికా డిజైనర్ డోనా కరన్ 1985లో తన సొంత పేరుతో మొదలుపెట్టినప్పుడు ఒకదానితో ఒకటి కలిపి వేసుకునే ఏడు దుస్తుల ఆలోచన చుట్టూ తొలి కలెక్షన్ అల్లారు. అంతకుముందు పదేళ్లకు పైగా పెద్ద బ్రాండ్‌కు డిజైన్ చేసిన మనిషి ఆమె, అన్నీ ఒకేసారి చూపించగలరు. అయినా తక్కువతో వచ్చారు. మీ మిగతా డిజైన్లు ఎక్కడికీ పోవు. ఒక్కొక్కటిగా వాటి వంతు వస్తుంది.

ఇక ఉద్యోగం. ముందు మీ నియామక పత్రం చదవండి. బయట సొంత పని చేయకూడదనో, ఉద్యోగంలో ఉండగా గీసిన డిజైన్లు కంపెనీవేననో ఏదైనా షరతు ఉంటే ఇప్పుడే తెలియాలి. కంపెనీ యంత్రాలు, సాఫ్ట్‌వేర్, మిగిలిన బట్ట ముక్కలు ఏవీ మీ పనికి వాడకండి. మానే రోజుకు తేదీ పెట్టుకోకండి, షరతులు పెట్టుకోండి. నేనైతే మూడు పెడతాను. కోటు మూడో విడతకు కావలసిన డబ్బు మొదటి రెండు విడతల అమ్మకాల నుంచే రావాలి. ఆ రెండు విడతల్లో మీ గంటలకు మీరు కూలి తీసుకుని ఉండాలి, అది ఎంత చిన్నదైనా సరే. ఆరు నెలల ఇంటి ఖర్చు వ్యాపారంతో సంబంధం లేని ఖాతాలో ఉండాలి. మూడూ కుదిరాక కూడా వెంటనే పూర్తిగా మానక్కర్లేదు, వారంలో మూడు రోజుల పనికి మారడానికి కంపెనీ ఒప్పుకుంటుందేమో అడగండి. మంచి ప్యాటర్న్ మేకర్లను వదులుకోవడానికి ఎవరూ తొందరపడరు.